స్క్రమ్మా, వాటర్‌ఫాలా, కాన్‌బానా? మీ ప్రాజెక్టుకు ఏది నప్పుతుందో తేల్చుకోవడం ఎలా

స్క్రమ్, వాటర్‌ఫాల్, కాన్‌బాన్ అనేవి సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును నడిపే పద్ధతులు. ప్రాజెక్టు ఖాయమయ్యాక జరిగే మొదటి మీటింగులోనే ఎవరో ఒకరు ‘మనం అజైల్‌లో చేద్దాం’ అంటారు (పనిని కొంచెం కొంచెంగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే తీరు అది, స్క్రమ్ ఆ కోవలోదే). అందరూ తలూపుతారు. ఎందుకని ఎవరూ అడగరు, అడిగితే పాతకాలం మనిషి అనుకుంటారని భయం. నేనూ చాలాసార్లు తలూపినవాణ్నే. పద్ధతి ఎంచుకోవడమంటే పేర్ల జాబితాలో ఒకదానికి టిక్కు పెట్టడం కాదని తెలిసొచ్చేసరికి రెండు మూడు ప్రాజెక్టులు నా చేతుల మీదుగా పాడయ్యాయి.

ఇక్కడ చెప్పేది పదిహేను మంది లోపు టీముకు, నాలుగు నెలల నుంచి ఏడాది దాకా సాగే పనికి. ఒక మధ్యాహ్నం, నాలుగు తెల్లకాగితాలు, పని సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు మనుషులు ఉంటే చాలు.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఉదాహరణ పెట్టుకుందాం. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. లెక్కలన్నీ గుమస్తా రాసే లెడ్జర్లలోనే ఉన్నాయి. యజమాని సాఫ్ట్‌వేర్ చేయించాలనుకున్నారు. ఆగస్టులో మీతో మాట్లాడారు. మీ టీములో ఆరుగురు. మీది ఇంకో రకం ప్రాజెక్టు అయినా పర్వాలేదు, అడుగులు ఇవే.

1. పేర్లు పక్కన పెట్టి, ముందు పనిని ముక్కలు చేయండి

మొదటి కాగితం మీద పద్ధతుల పేర్లు రాయకండి. ప్రాజెక్టులోని పెద్ద ముక్కలు రాయండి. మన కోల్డ్ స్టోరేజీకి అయితే ఇవి: టిక్కీల రాకపోకల లెక్క (టిక్కీ అంటే మిర్చి బస్తా), రైతుకిచ్చే బాండ్లు (సరుకు దాచినట్టు రాసిచ్చే కాగితాలు), అద్దె బిల్లులు, ఛాంబర్లలో ఉష్ణోగ్రత సెన్సార్లు, రైతు ఫోనులో చూసుకునే యాప్.

ఒక్కో ముక్క పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏం కావాలో ఇవాళే తెలుసా? మనం తప్పు చేస్తే అది ఎప్పుడు బయటపడుతుంది? అప్పుడు సరిదిద్దాలంటే ఎంత నష్టం?

అద్దె బిల్లు సంగతి తేలిక. టిక్కీకి ఇంత అని రేటు ఉంటుంది, తప్పు పడితే బిల్లు చేతికందిన రైతు అక్కడికక్కడే అడుగుతాడు, సాయంత్రానికి సరిచేయొచ్చు. బాండు అలా కాదు. దాన్ని తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకునే రైతులుంటారు. ఒకే లాట్‌కు (అంటే రైతు ఒక విడతగా దించిన సరుకుకు) పొరపాటున రెండు బాండ్లు ప్రింటయితే ఆ సంగతి నెలల తర్వాత, సరుకు బయటికి తీసే రోజున తెలుస్తుంది. అప్పటికి అది సాఫ్ట్‌వేర్ బగ్గుగా మిగలదు, తగాదా అయి కూర్చుంటుంది. సెన్సార్లది మరో తీరు. ఛాంబరు నిండా సరుకు పేర్చాక వైరింగు తప్పని తెలిస్తే, అది ఖాళీ అయ్యేదాకా లోపల చేయి పెట్టలేరు. ఇక యాప్ విషయానికొస్తే, రైతు దాన్ని వాడతాడా, కొడుకు వాడతాడా, అసలు ఫోన్ చేసి గుమస్తానే అడుగుతాడా అన్నది ఇచ్చి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు.

చూశారుగా, ఒకే ప్రాజెక్టులో నాలుగు స్వభావాలు. మొత్తానికి కలిపి ఒకే పద్ధతి అన్నప్పుడే సగం గొడవ మొదలవుతుంది. పద్ధతులను ఒకదానితో ఒకటి పోల్చడం కాదు, మన తప్పు ఏ పద్ధతిలో ఎంత ముందుగా బయటపడుతుందో పోల్చాలి. కింది అడుగులన్నీ దీని కోసమే.

2. తేదీ ఎవరి చేతిలో ఉందో చూడండి

మిర్చి ఫిబ్రవరి నుంచి ముమ్మరంగా వస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ రెడీ కాలేదని పంట ఆగదు. కొన్ని తేదీలు ప్రభుత్వం నుంచి వస్తాయి. 2025లో జీఎస్టీ రేట్ల మార్పును సెప్టెంబరు 3న ప్రకటించారు, 22 నుంచి అమల్లోకి తెచ్చారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు దొరికింది మూడు వారాలకన్నా తక్కువ. ఆ మూడు వారాలూ ‘మాది స్క్రమ్, వచ్చే స్ప్రింటులో చూస్తాం’ అంటే ఏ దుకాణదారూ వినడు (స్ప్రింటు అంటే స్క్రమ్‌లో ఒక విడత పని).

తేదీ కదలకపోతే పని పరిమాణం కదలాలి. ‘ఫిబ్రవరి 1కి ఇది లేకపోతే గేటు తెరవలేం’ అన్నవి ఒక వైపు, ‘లేకపోయినా లెడ్జర్‌తో నెట్టుకొస్తాం’ అన్నవి మరో వైపు రాసి, కింద యజమానితో సంతకం పెట్టించండి. అన్నీ మొదటి వైపే ఉండాలని ఆయన పట్టుబడతారు. పట్టుబట్టనివ్వండి, కానీ సంతకం లేకుండా లేవకండి.

3. ఒక్కో పద్ధతి మిమ్మల్ని ఏం అడుగుతుందో రాయండి

పద్ధతి మీకేం ఇస్తుందో అందరూ చెబుతారు, ట్రైనింగుల్లో వినేదంతా అదే. తను బతకడానికి మీ నుంచి ఏం కోరుతుందో అన్నది రెండో కాగితం మీద మీరే రాసుకోవాలి.

వాటర్‌ఫాల్ ముందే అంతా తెలిసి ఉండాలంటుంది. రిక్వైర్‌మెంట్లు (ఏమేం కావాలో ఆ జాబితా) రాసి, సైనాఫ్ (ఒప్పుకున్నట్టు సంతకం) తీసుకుని, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ వరసగా చేసుకుపోవడం. దీనికి మూలమని అందరూ చూపించేది విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు 1970లో రాసిన పేపరు. తమాషా ఏమిటంటే అందులో ‘వాటర్‌ఫాల్’ అన్న మాటే లేదు. వరస మెట్ల బొమ్మ గీసి, ఇలా చేస్తే ప్రమాదమని ఆయనే రాశాడు. కొత్త రకం పని అయితే రెండుసార్లు చేయమన్నాడు. 30 నెలల ప్రాజెక్టుకు 10 నెలలు ముందస్తు నమూనా కోసమే కేటాయించవచ్చని లెక్క కూడా చెప్పాడు. జనం బొమ్మ ఒక్కటే తీసుకుని మిగతాది వదిలేశారు. అయినా దీన్ని తీసిపారేయకండి. సెన్సార్ల వైరింగు లాంటి పనికి, తిరిగి సరిదిద్దలేని పనికి, ముందు కాగితం మీద అంతా తేల్చుకోవడమే మేలు. విమానాల్లో, వైద్య పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌కు ప్రతి రిక్వైర్‌మెంటుకూ ఎదురుగా ఒక టెస్టు ఉండేలా రాసుకునే వీ-మోడల్ ఇప్పటికీ వాడుకలో ఉంది, కారణం ఇదే.

స్క్రమ్ కోరేది వేరు. నెల మించని స్ప్రింట్లు, పది మందికి మించని టీము, రోజూ 15 నిమిషాల మాట (స్టాండప్), స్ప్రింటు చివర పనిచేసే సరుకు చూపించడం (రివ్యూ), పని ఎలా సాగిందో వెనక్కి తిరిగి చూసుకోవడం (రెట్రో). ఇవి అందరికీ కనిపించేవే. జనం తేలిగ్గా తీసుకునేది ప్రోడక్ట్ ఓనర్ సంగతి, అంటే ఏది ముందు చేయాలో తేల్చి చెప్పే మనిషి సంగతి. ఆ ఓనర్ ఒక్క మనిషే కావాలి, కమిటీ కాకూడదని స్క్రమ్ నియమాలు రాసిన స్క్రమ్ గైడ్ స్పష్టంగా చెబుతుంది. నేను పనిచేసిన ఒక చోట క్లయింటు వైపు నలుగురు ప్రోడక్ట్ ఓనర్లు ఉండేవారు, ఒకరికొకరికి పడేది కాదు. ఆరో స్ప్రింటు అయ్యేసరికి ఒకే స్క్రీను మూడుసార్లు కట్టి మూడుసార్లు కూల్చాం. స్టాండప్‌లు, రెట్రోలు, బోర్డు మీద రంగుల కాగితాలు అన్నీ పద్ధతిగా జరిగాయి. పని మాత్రం ఉన్నచోటే ఉంది.

కాన్‌బాన్‌కు స్ప్రింట్లు లేవు, కొత్త హోదాలు లేవు. చేతిలో ఒకేసారి ఎన్ని పనులు ఉండొచ్చో హద్దు పెట్టుకుని దాన్ని దాటొద్దంటుంది, అంతే. టయోటా కార్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఈ ఆలోచన సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన కథలో మన హైదరాబాదు కూడా ఉంది. 2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగానికి మార్పులు, చేర్పులు చేసిపెట్టే చిన్న టీము ఒకటి హైదరాబాదులో ఉండేది. ఒక్కో రిక్వెస్టు పూర్తవడానికి అయిదు నెలలు పట్టేది. అప్పుడు మైక్రోసాఫ్ట్‌లో ఉన్న డేవిడ్ ఆండర్సన్, ఆ టీము మేనేజరు కలిసి చూస్తే, ‘ఈ పనికి ఎన్ని రోజులు’ అని అంచనాలు కట్టడానికే టీము సమయంలో మూడో వంతుకు పైగా పోతోందని తేలింది. అంచనాలు కట్టడం మానేశారు, చేతిలోని పనికి హద్దు పెట్టారు. ఏడాది తిరక్కుండానే సగటు సుమారు రెండు వారాలకు దిగింది. మనుషులు ఎక్కువ గంటలు కూర్చున్నందువల్ల కాదు, క్యూ తగ్గినందువల్ల.

దీని వెనకున్న లెక్క చిన్నదే. మీ చేతిలో 12 పనులున్నాయి, వారానికి 3 పూర్తవుతున్నాయి అనుకోండి. కొత్తగా చేరిన పనికి సగటున 4 వారాలు. చేతిలో 6 మాత్రమే ఉంచితే 2 వారాలు. క్యూల లెక్కల మీద జాన్ లిటిల్ అనే ప్రొఫెసరు 1961లో నిరూపించిన సూత్రమిది. బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు సూత్రం తెలియకపోయినా లెక్క తెలుసు. అయితే కాన్‌బాన్ కోరే ఆ ఒక్కటే కష్టం: హద్దు నిండినప్పుడు పెద్దాయన ఫోన్ చేసినా ‘ఇప్పుడు కాదండీ’ అనగలగాలి.

ఎక్స్‌పీ (ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్) అనే మరో పద్ధతి గురించి రెండు మాటలు. ముందు టెస్టు రాసి తర్వాత కోడు రాయడం, ఇద్దరు ఒకే మిషను ముందు కూర్చోవడం లాంటివి పని చేసే తీరుకు సంబంధించినవి, వీటిని మిగతా దేనితోనైనా కలుపుకోవచ్చు. బాండ్ల ముక్కకు నేనైతే తప్పకుండా కలుపుతాను. ప్రమాదాలను తూచుకుంటూ చుట్లు చుట్లుగా పని చేసే బ్యారీ బోమ్ స్పైరల్ మోడల్ మన సైజు ప్రాజెక్టుకు అక్కర్లేదు కానీ, అందులోని ఒక అలవాటు మాత్రం తీసుకోండి: ఎక్కువ భయపెట్టే ముక్కను ముందు చేయడం.

4. డబ్బు ఎలా వస్తుందో చూడండి

దీన్ని చాలామంది చివర చూస్తారు, నేను మాత్రం చూడకుండా ముందుకు కదలను. ఫిక్స్‌డ్ బిడ్ (ముందే ఖాయం చేసిన ధర) మీద, ‘రిక్వైర్‌మెంట్ల సైనాఫ్‌కు 20 శాతం, యూఏటీకి (క్లయింటు మనుషులు చివర్లో వాడి చూసే పరీక్షకు) 40 శాతం’ అన్న మైలురాళ్లతో కాంట్రాక్టు రాసుకుని, లోపల స్క్రమ్ నడిపితే ఏమవుతుంది? ప్రతి రివ్యూలో క్లయింటు కొత్త మాట చెబుతాడు, అలా చెప్పించుకోవడానికే కదా రివ్యూ పెట్టింది. కానీ ఆ కొత్త మాటకు డబ్బు లేదు. మూడో నెలకల్లా మీ మేనేజరు రివ్యూలో అడిగిన ప్రతిదానికీ చేంజ్ రిక్వెస్టు ఫారం పంపిస్తాడు, క్లయింటు మాట్లాడటం మానేస్తాడు. పేరు స్క్రమ్, నడిచేది వాటర్‌ఫాల్, రెండింటి టెన్షనూ మీకే.

కాంట్రాక్టు మార్చలేకపోతే ఒక మధ్యేమార్గం ఉంది. మొత్తం ధర అలాగే ఉంచి, ‘కొత్తది ఒకటి లోపలికి వస్తే అంతే సైజుది ఒకటి బయటికి పోతుంది’ అన్న ఒక్క వాక్యం కాంట్రాక్టులో రాయించండి. రెండో అడుగులో సంతకం పెట్టించుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది. గేటు తెరవడానికి అవసరం లేని వైపు నుంచే ఏది తీసేయాలో యజమాని చేతే చెప్పించండి. ఈ వాక్యానికీ ఒప్పుకోకపోతే మాత్రం స్క్రమ్ మాట ఎత్తకండి. రిక్వైర్‌మెంట్ల మీద ఇంకో నెల కూర్చోండి.

5. అవతలివైపు ఎవరున్నారు, ఎన్ని గంటలకు దొరుకుతారు?

పేరు రాయండి. ‘క్లయింటు’ అని రాస్తే కుదరదు. కోల్డ్ స్టోరేజీ విషయంలో అన్నీ తెలిసినవాడు గుమస్తా. మీటింగులకు వచ్చేది యజమాని కొడుకు. ఇద్దరూ ఒకటి కాదు. గుమస్తా వారానికి రెండు గంటలు మీకివ్వగలడా? సీజనులో ఇవ్వలేడు, సెప్టెంబరులో ఇవ్వగలడు.

అమెరికా క్లయింటు అయితే గడియారం కూడా చూడాలి. వేసవిలో హైదరాబాదుకూ కాలిఫోర్నియాకూ తేడా పన్నెండున్నర గంటలు. మీరు రాత్రి 9కి పెట్టిన రివ్యూ వాళ్లకు ఉదయం ఎనిమిదిన్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అదే రివ్యూ ఏడున్నరకు పడుతుంది, హాజరు సగానికి పడిపోతుంది. రోజూ మాట్లాడితేనే నడిచే పద్ధతి మీకు కుదురుతుందా, రాతలో నడిచేది కావాలా అన్నది ఈ గంటల మీద ఆధారపడుతుంది.

6. కాగితం మీద ప్రమాదాలు జరిపించి చూడండి

పోలిక అసలు ఇక్కడ జరుగుతుంది. పద్ధతులు ఒక వైపు, ‘వేగం, నాణ్యత, పారదర్శకత’ లాంటి గుణాలు మరో వైపు వేసి మార్కులిచ్చే పట్టికలు మీరూ చూసే ఉంటారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. ముందే మనసులో అనుకున్నదానికి ఎక్కువ మార్కులొచ్చేదాకా అంకెలు సర్దుతాం, అంతే. దాని బదులు, జరిగే అవకాశమున్న మూడు ఘటనలు మూడో కాగితం మీద రాసి, ఒక్కోదాన్ని ఒక్కో పద్ధతిలో నడిపించి, ఎన్ని రోజులు పోతాయో లెక్కపెట్టండి.

మొదటి ఘటన: రైతు ఒకే లాట్‌లోని 100 టిక్కీల్లో 40 ఒకరికి, 60 ఇంకొకరికి అమ్మాడు. లాట్‌ను విడగొట్టాలి, బాండూ విడిపోవాలి. ఈ సంగతి మొదట్లో ఎవరూ చెప్పలేదు. వాటర్‌ఫాల్‌లో ఇది యూఏటీలో, అంటే జనవరిలో బయటపడుతుంది. డేటాబేస్ దగ్గర్నుంచి మార్చాలి, చేతిలో మూడు వారాలు. స్క్రమ్‌లో అక్టోబరు రివ్యూలో స్క్రీను చూసిన గుమస్తా ‘బాబూ, సగం టిక్కీలే అమ్మితే ఎక్కడ రాయాలి?’ అంటాడు. మూడు నెలలు మిగిలినట్టే. కానీ ఆ రివ్యూకు గుమస్తా బదులు యజమాని కొడుకు వచ్చి ‘సూపర్’ అని వెళ్లిపోతే స్క్రమ్‌లోనూ ఇది జనవరికే తెలుస్తుంది. కాన్‌బాన్‌లో? ఆ పని రాసిన కార్డు ఎప్పుడు పూర్తయి ఎవరి కంట పడుతుందో దాన్నిబట్టి. ఫలానా రోజున వచ్చి చూడమని ఆ పద్ధతి ఎవరినీ పిలవదు, పిలుపు మీరే పెట్టుకోవాలి.

రెండో ఘటన: సెన్సార్లు మూడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఇక్కడ స్క్రమ్ చేసే సాయం ఏమీ లేదు. స్ప్రింటు లక్ష్యం పోయిందని రెట్రోలో బాధపడటమే. తేదీలు, ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనులు గీసిన పాతకాలపు ప్లాను చార్టు మాత్రం, ఆర్డరు ఎప్పటిలోగా పెట్టాలో ఆగస్టులోనే చెప్పి ఉండేది.

మూడోది సంక్రాంతి. ఆరుగురిలో నలుగురు ఊళ్లకు పోతారు. ఏ పద్ధతైనా అదే నష్టం. కాబట్టి పోలికలోంచి దీన్ని కొట్టేసి, క్యాలెండరులో ఆ వారం ఖాళీ పెట్టండి.

ఇలా నడిపించాక మన ఉదాహరణకు నాకు తేలింది ఇది. సెన్సార్లకు పూర్తి ప్లాను, వైరింగు బొమ్మ మీద సంతకం. బాండ్లకు రాతపూర్వకమైన నియమాలు, ప్రతి నియమానికీ ముందే టెస్టు. టిక్కీల లెక్క, బిల్లులు, యాప్ రెండు వారాల స్ప్రింట్లలో, ప్రతి రివ్యూకూ గుమస్తా రావాల్సిందే. ఫిబ్రవరిలో గేటు తెరిచాక అంతా కాన్‌బాన్, చేతిలో నాలుగు పనులకు మించకుండా. సీజనులో రోజూ ఏదో ఒక ఫోన్ వస్తుంది, రెండు వారాల ప్లానుకు విలువుండదు.

ఇలా కలగలిపితే స్వచ్ఛమైన స్క్రమ్ కాదని ఎవరైనా అనవచ్చు. అవును, కాదు.

7. నెల రోజులు నడిపి, మూడు అంకెలు చూడండి

నిర్ణయం అయ్యాక కూడా దాన్ని నెలపాటు ప్రయోగమనే అనుకోండి. మొదటి ముక్కగా లాట్ ఎంట్రీ తీసుకోండి. మూడు లెక్కలు రాయండి: ఒక పని అడిగిన రోజు నుంచి గుమస్తా చేతికి వెళ్లేదాకా ఎన్ని రోజులు, పూర్తయిందనుకున్నాక ఎన్నిసార్లు మళ్లీ తెరిచారు, ఎవరి జవాబు కోసం ఎన్ని రోజులు ఆగారు. స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో టీము అంచనాగా ఇచ్చే మార్కులు) లెక్కపెట్టాలనుకుంటే పెట్టుకోండి, కానీ అవి పెరిగాయని సంతోషించకండి. అవి కోరినంత పెరుగుతాయి.

ఆగిన రోజులు ఎక్కువగా ఉంటే పద్ధతి మార్చినా లాభం లేదు, జవాబు చెప్పే మనిషిని మార్చాలి. మళ్లీ మళ్లీ తెరుస్తుంటే చిన్న ముక్కలు చేసి ఇంకా తొందరగా చూపించాలి. రోజులు మాత్రమే ఎక్కువై మిగతావి బాగుంటే, చేతిలో పనులు ఎక్కువయ్యాయని అర్థం. ఆలస్యమవుతోందని మనుషులను కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, అయినా అందరూ ముందు ఆ పనే చేస్తారు.

మధ్యలో పద్ధతి మార్చడం తప్పేమీ కాదు. అమెరికా ఎఫ్‌బీఐ కేసు ఫైళ్ల కోసం మొదలుపెట్టిన వర్చువల్ కేస్ ఫైల్ ప్రాజెక్టును సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేశారు. దాని స్థానంలో వచ్చిన సెంటినెల్ కూడా దారి తప్పుతుంటే 2010లో ఎఫ్‌బీఐ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న టీముతో రెండేసి వారాల స్ప్రింట్లలో నడిపి 2012 జూలైలో వాడకంలోకి తెచ్చింది. దీన్ని స్క్రమ్ విజయగాథగా చెబుతుంటారు. నాకైతే ఇంకోటి కనిపిస్తుంది: ఏం కావాలన్నది అప్పటికే ఏళ్ల తరబడి నలిగి నలిగి తేలిపోయి ఉంది. మీ ప్రాజెక్టు మొదటి నెలలో ఉంటే ఆ వేగం ఆశించకండి.

నాలుగో కాగితం గోడకు అతికించేది. ఏ ముక్క ఏ పద్ధతిలో, ఎవరు ఒప్పుకుంటే అయిపోయినట్టు, చేతిలో ఎన్ని పనులు దాటకూడదు, రివ్యూ ఏ రోజు ఎన్ని గంటలకు, దీన్ని మళ్లీ ఎప్పుడు మార్చాలో ఆ తేదీ. ఒక పేజీ దాటనివ్వకండి. కోల్డ్ స్టోరేజీకి ఆ తేదీ ఏప్రిల్ చివర పెట్టుకోండి, అప్పటికి రద్దీ తగ్గి గుమస్తాకు కూర్చునే తీరిక దొరుకుతుంది. సెన్సార్లలో ఏదైనా మార్చాలని ఆ రోజు తేలినా, ఛాంబర్లు ఖాళీ అయ్యేదాకా పని మొదలవ్వదు. కాబట్టి ఆ మార్పుల చిట్టా మాత్రం గుర్తున్నప్పుడే రాసి పక్కన పెట్టండి.